కారులో ఈసీయూల మధ్య మాట ఆగిపోతే: క్యాన్ లైన్ లోపాన్ని వరుసగా పట్టుకునే పద్ధతి

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. లేదా బండి నడుస్తుండగానే స్పీడోమీటర్ ముల్లు సున్నాకు పడిపోయి ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ఒక్కసారిగా వెలుగుతాయి. కాసేపటికి వాటంతటవే ఆరిపోతాయి. స్కానర్ పెడితే యూ అక్షరంతో మొదలయ్యే లోపం కోడ్‌లు బారులు తీరి కనిపిస్తాయి. కారులో ఒక్కో భాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్లే ఈసీయూలు, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల దారి క్యాన్ లైన్. ఆ మాట తెగితే కనిపించే లక్షణాలే ఇవి.

ఇలాంటప్పుడు చాలాచోట్ల ముందుగా వినిపించే మాట "ఈసీయూ పోయింది, మార్చాలి". ఆ మాట నమ్మి డబ్బు కట్టే ముందు బ్యాటరీ, ఎర్త్, చిలుము పట్టిన కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), ఎలుక కొరికిన వైరు, ఎవరో బయట బిగించిన పరికరం, ఈ ఐదింటినీ పరీక్షించి పక్కన పెట్టాలి. అందుకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. పరీక్షల వరుస మాత్రం తప్పకూడదు.

ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల బ్యాటరీతో నడిచే పెట్రోల్, డీజిల్ కార్లకు వర్తిస్తుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోనూ క్యాన్ లైన్ ఇదే తీరులో పనిచేస్తుంది. కానీ వాటిలోని నారింజ రంగు కేబుళ్లలో ప్రాణాలు తీసే వోల్టేజ్ ఉంటుంది. ఆ శిక్షణ లేనివాళ్లు వాటి జోలికి వెళ్లకూడదు.

1. పరీక్షకు కావలసినంత మేరకు: ఆ రెండు వైర్లలో ఏం జరుగుతుంది

ఇంజిన్, గేర్‌బాక్స్, ఏబీఎస్, పవర్ స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, డాష్‌బోర్డు మీటర్, డోర్లూ లైట్లూ చూసే బీసీఎం, ఒక్కోదానికి ఒక్కో ఈసీయూ ఉంటుంది. వీటిని కలిపేది ఒకదానికొకటి మెలిపెట్టిన రెండు సన్నని వైర్లు: క్యాన్ హై, క్యాన్ లో. ఇకపై హై వైరు, లో వైరు అందాం.

ఎవరూ మాట్లాడనప్పుడు రెండు వైర్లూ దాదాపు 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. ఒక ఈసీయూ 0 అనే బిట్ పంపాలంటే హై వైరును 3.5 వోల్టుల దాకా లేపి, లో వైరును 1.5కి దించుతుంది. 1 పంపాలంటే రెండింటినీ వదిలేస్తుంది, అవి తిరిగి 2.5కి చేరతాయి. అవతలి ఈసీయూ చూసేది రెండింటి మధ్య తేడానే. బయటి నుంచి విద్యుత్ రొద తగిలితే మెలిపెట్టిన రెండు వైర్లకూ సమానంగా తగులుతుంది కాబట్టి తేడా చెక్కుచెదరదు. మెలిక విప్పేస్తే ఆ రక్షణ పోతుంది.

ఏబీఎస్ ఈసీయూ చక్రాల వేగాన్ని ఫలానావారికి అని పంపదు. సందేశానికి ఒక నంబరు తగిలించి దండోరా వేస్తుంది. ఆ నంబరుతో పని ఉన్న ఇంజిన్, మీటర్, స్టీరింగ్ ఈసీయూలు తీసుకుంటాయి, మిగిలినవి వదిలేస్తాయి. అందుకే ఒక్క ఏబీఎస్ మూగబోతే స్పీడోమీటర్ పడిపోవడం, స్టీరింగ్ లైట్ వెలగడం, క్రూయిజ్ కంట్రోల్ ఆగడం, అన్నీ ఒకేసారి జరుగుతాయి. పోయినవి నాలుగు కాదు, ఒకటే.

ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే చిన్న నంబరు సందేశానిదే దారి. ప్రతి ఈసీయూ తాను పంపుతున్న బిట్‌ను లైన్ మీద తిరిగి చదువుకుంటూ ఉంటుంది. తాను 1 పంపినా లైన్ మీద 0 కనిపిస్తే తనకంటే ముఖ్యమైన సందేశం వెళ్తోందని గ్రహించి తప్పుకుంటుంది, లైన్ ఖాళీ అయ్యాక మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇంజిన్ వైపు లైన్లలో సాధారణంగా ఉండే సెకనుకు 500 కిలోబిట్ల వేగంలో ఒక్కో బిట్ 2 మైక్రోసెకన్లే. 8 బైట్ల మామూలు సందేశం సుమారు పావు మిల్లీసెకనులో పూర్తవుతుంది.

లోపం వచ్చిపోతూ ఉండటానికి కారణం కూడా ఈ పద్ధతిలోనే ఉంది. పంపిన సందేశం చెడినప్పుడల్లా ఆ ఈసీయూ తన లెక్కలో 8 కలుపుకుంటుంది, సరిగ్గా వెళ్లినప్పుడల్లా 1 తీసేస్తుంది. లెక్క 127 దాటితే వెనక్కి తగ్గి మాట్లాడుతుంది. 255 దాటితే లైన్ నుంచి తనంతట తాను తప్పుకుంటుంది. దీన్నే బస్ ఆఫ్ అంటారు. వదులైన ఒక్క పిన్ను గతుకుల రోడ్డు మీద కదిలితే చాలు, సెకనులో చిన్న భాగంలోనే ఆ గీత దాటిపోవచ్చు. ఆ తర్వాత ఈసీయూ మళ్లీ లైన్‌లోకి వస్తుంది, లైట్లు ఆరిపోతాయి, గ్యారేజీకి తెచ్చేసరికి బండి బాగానే ఉంటుంది.

ఇక చివరి సంగతి. లైన్ రెండు కొసల్లో ఒక్కోటి 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. సిగ్నల్ కొసకు తగిలి వెనక్కి తిరగకుండా అది మింగేస్తుంది. రెండు 120లు సమాంతరంగా ఉంటే మల్టీమీటర్‌లో కనిపించేది 60. ఈ గైడ్‌లో మీరు అన్నిటికంటే ఎక్కువసార్లు చూడబోయే అంకె అదే.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓమ్‌లను ఒక దశాంశ స్థానం దాకా చూపే డిజిటల్ మల్టీమీటర్
- కప్లర్ వెనుక నుంచి దూర్చగలిగే సన్నని బ్యాక్ ప్రోబ్ పిన్నులు
- అన్ని ఈసీయూలతో మాట్లాడగల ఫుల్ సిస్టమ్ స్కానర్
- మీ కారు మోడల్, తయారీ సంవత్సరం, వేరియంట్, ఇంధనానికి సరిపోయే వైరింగ్ డయాగ్రమ్
- రెండు వైర్లు అతికించిన 12 వోల్టులు, 5 వాట్ల బల్బు
- బ్యాటరీ ఛార్జర్
- ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్, నైలాన్ బ్రష్
- పాత వైరుతో సమానమైన మందంలో కొత్త వైరు, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ ట్యూబ్

ఫోన్‌కు కలిపే చవక ఈఎల్ఎం327 అడాప్టర్, మామూలు యాప్ ఈ పనికి సరిపోవు. వాటికి దొరికేది ఎక్కువగా ఇంజిన్ ఈసీయూ, కొన్నిసార్లు గేర్‌బాక్స్. ఏబీఎస్ బతికుందో లేదో అవి చెప్పలేకపోవచ్చు. "యాప్‌లో కోడ్‌లు లేవు" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

వైరింగ్ డయాగ్రమ్ లేకుండా మొదలుపెట్టొద్దు. 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఏ రెండు ఈసీయూల్లో ఉన్నాయో, వైర్ల రంగులేమిటో, మధ్యలో జంక్షన్ కప్లర్లు ఎక్కడున్నాయో కారు కారుకూ మారుతుంది. పక్క వేరియంట్ డయాగ్రమ్‌తో పని చేస్తే లేని వైరు కోసం డాష్‌బోర్డు విప్పాల్సి వస్తుంది.

3. చెయ్యి పెట్టే ముందు జాగ్రత్తలు

- ఏ ఈసీయూ కప్లర్ విప్పాలన్నా ముందు కీ ఆఫ్.
- పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిలో మల్టీమీటర్ పెట్టొద్దు. వాటి దగ్గర పని తప్పనిసరైతే బ్యాటరీ నెగెటివ్ తీసి కనీసం 3 నిమిషాలు లేదా మాన్యువల్ చెప్పినంతసేపు, ఏది ఎక్కువైతే అంతసేపు ఆగండి.
- క్యాన్ వైర్ల మీద బల్బు టెస్టర్ వాడొద్దు. అది లాగే కరెంటుకు ఈసీయూలోని సన్నని సర్క్యూట్ తట్టుకోలేదు.
- ప్రోబ్ మొనతో వైరు పైతొడుగు గుచ్చొద్దు. ఆ రంధ్రంలోకి తేమ చేరి కొన్నాళ్లకు అక్కడే కొత్త లోపం పుడుతుంది.
- బ్యాటరీ తీసేముందు కోడ్‌లన్నీ రాసుకోండి లేదా ఫొటో తీసుకోండి.

4. మొదటి పరీక్ష: బ్యాటరీ, ఫ్యూజ్, ఎర్త్

ఈ అడుగు దాటేసి వెళ్లినవాళ్లే ఎక్కువగా తిరిగి ఇక్కడికి వస్తారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ బాగా పడిపోతే కొన్ని ఈసీయూలు కాసేపు ఆగిపోతాయి. మిగిలినవి వాటి సందేశాలు రాలేదని యూ కోడ్‌లు రాసేసుకుంటాయి. అక్కడ క్యాన్ లైన్ తప్పేమీ లేదు.

అడుగు 1. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 12.4కి తక్కువైతే ముందు ఛార్జ్ చేయండి.

అడుగు 2. సెల్ఫ్ కొడుతూ చూడండి. 9.6 వోల్టుల కంటే కిందికి పోతే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినళ్లు వదులు. అది సరిచేసి, కోడ్‌లు చెరిపి, బండి ఒకసారి నడిపి మళ్లీ స్కాన్ చేయండి. చాలా బళ్ల పని ఇక్కడితోనే అయిపోతుంది.

అడుగు 3. మాట్లాడని ఈసీయూకు వెళ్లే ఫ్యూజులన్నీ చూడండి. కంటికి బాగుందని వదలొద్దు. ఫ్యూజ్ పైన కనిపించే రెండు లోహపు చుక్కల మీదా వోల్టేజ్ కొలవండి. ఒక్కో ఈసీయూకు రెండు, మూడు సప్లైలు ఉంటాయి: ఎప్పుడూ ఉండేది ఒకటి, కీ ఆన్‌తో వచ్చేది ఒకటి, కొన్నిటికి రిలే నుంచి ఇంకొకటి.

అడుగు 4. ఎర్త్ కొలవండి. ఓమ్‌లలో కాదు, వోల్టుల్లో. కీ ఆన్ చేసి, లైట్లూ బ్లోయర్ వేసి, ఈసీయూ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజ్ చూడండి. 0.1 లోపు ఉండాలి. అంతకు మించితే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించండి.

అడుగు 5. ఈసీయూ కప్లర్ విప్పి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపు సప్లై పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య 5 వాట్ల బల్బు కలపండి. బల్బు సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది. నిండుగా వెలిగితే సప్లై నిజంగా ఉన్నట్టు. మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తూ బల్బు మినుకుమంటే ఆ వైరులో ఒకటి రెండు పోగులే మిగిలాయి, లేదా ఎక్కడో చిలుము ఉంది. మల్టీమీటర్ దాదాపు కరెంటే లాగదు కాబట్టి ఒక్క పోగు ఉన్నా దానికి 12 వోల్టులే కనిపిస్తాయి.

5. రెండో పరీక్ష: ఎవరు పలుకుతున్నారు, ఎవరు పలకడం లేదు

స్కానర్‌తో బండి మొత్తం స్కాన్ చేసి ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు గీయండి. ఎడమ వైపు స్కానర్‌కు జవాబిచ్చిన ఈసీయూలు, కుడి వైపు జవాబివ్వనివి. బండిలో అసలు అమర్చని ఈసీయూను కూడా కొన్ని స్కానర్లు "జవాబు లేదు" అని చూపిస్తాయి. డయాగ్రమ్‌తో పోల్చి వాటిని కొట్టేయండి.

తరచూ కనిపించే కోడ్‌లు ఇవి:

- యూ0100: ఇంజిన్ ఈసీయూతో మాట తెగింది
- యూ0101: గేర్‌బాక్స్ ఈసీయూతో
- యూ0121: ఏబీఎస్‌తో
- యూ0131: పవర్ స్టీరింగ్‌తో
- యూ0140: బీసీఎంతో
- యూ0151: ఎయిర్‌బ్యాగ్ ఈసీయూతో
- యూ0155: డాష్‌బోర్డు మీటర్‌తో
- యూ0073: లైన్ ఆగిపోయింది, అంటే బస్ ఆఫ్

ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కోడ్ ఉండేది ఫిర్యాదు చేసిన ఈసీయూలో, తప్పిపోయినదానిలో కాదు. ఏబీఎస్‌లో యూ0100 ఉందంటే అనుమానించాల్సింది ఇంజిన్ ఈసీయూను, దాని వైర్లను. ఏబీఎస్‌ను మార్చితే ఆ కోడ్ కొత్త ఏబీఎస్‌లోనూ అలాగే వస్తుంది.

కోడ్‌లను ఇలా చదవండి. అందరూ ఒక్కరి మీదే ఫిర్యాదు చేస్తుంటే ఆ ఒక్క ఈసీయూ సప్లై, ఎర్త్, దాని దగ్గరి క్యాన్ వైర్లు చూడండి. డయాగ్రమ్‌లో పక్కపక్కన ఉన్న రెండు మూడు ఈసీయూలు కలిసి మాయమైతే వాటికి ముందున్న జంక్షన్ కప్లర్ చూడండి. అందరూ అందరి మీదా ఫిర్యాదు చేస్తుంటే లైన్ మొత్తం షార్ట్ అయి ఉండాలి, లేదా బ్యాటరీ పడిపోయిన సమయంలో రాసుకున్న పాత కోడ్‌లు కావాలి. చెరిపి మళ్లీ చూస్తే ఏదో తేలుతుంది.

స్కానర్‌కు ఒక్కటీ జవాబివ్వకపోతే ముందు స్కానర్‌ను తగిలించే ఓబీడీ సాకెట్‌నే అనుమానించండి. 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజ్, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉండాలి. చాలా కార్లలో 16వ పిన్ను సిగరెట్ లైటర్‌తోనో, మరో లైన్‌తోనో ఫ్యూజ్ పంచుకుంటుంది. చవక మొబైల్ ఛార్జర్ షార్ట్ అయి ఆ ఫ్యూజ్ ఎగిరితే స్కానర్‌కు ప్రాణమే రాదు.

6. మూడో పరీక్ష: 60 ఓమ్‌లు ఉన్నాయా

ఓబీడీ సాకెట్‌ను వెడల్పు వైపు పైకి ఉండేలా ఎదురుగా చూడండి. పై వరుసలో ఎడమ నుంచి 1 మొదలై 8 దాకా, కింది వరుసలో 9 నుంచి 16 దాకా పిన్నులు. 6వ పిన్ను హై వైరు. దానికి సరిగ్గా కింద ఉన్న 14వ పిన్ను లో వైరు.

అడుగు 1. కీ తీసేయండి. బ్యాటరీ నెగెటివ్ తీసి 5 నిమిషాలు ఆగండి. లైన్ మీద కరెంటు ఉండగా ఓమ్‌లు కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. మీటర్ మైనస్‌లో చూపిస్తోందంటే లైన్ ఇంకా మేల్కొనే ఉంది.

అడుగు 2. మీటర్ ప్రోబ్‌లు రెండూ కలిపి వాటి సొంత ఓమ్‌లు చూసి, తర్వాత వచ్చే అంకె నుంచి తీసేయండి.

అడుగు 3. 6, 14 పిన్నుల మధ్య కొలవండి. లావుపాటి ప్రోబ్‌ను సాకెట్‌లోకి నెట్టొద్దు. లోపలి రేకులు విచ్చుకుపోతే రేపటి నుంచి స్కానరే సరిగ్గా తగలదు.

వచ్చిన అంకె చెప్పేది:

- 55 నుంచి 65: రెండు కొసలూ ఉన్నాయి, లైన్ తెగలేదు
- 120 దగ్గర: ఒక కొస రెసిస్టర్ కనిపించడం లేదు. లైన్ మధ్యలో తెగింది, లేదా ఆ కొస ఈసీయూ కప్లర్ ఊడింది
- 40 దగ్గర: మూడో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఎక్కడో చేరింది. వేరే వేరియంట్ ఈసీయూనో, బయటి పరికరమో బిగించి ఉంటారు
- 5 లోపు: హై, లో వైర్లు ఒకదానికొకటి తగులుకున్నాయి, లేదా ఒక ఈసీయూ లోపల షార్ట్
- అనంతం: సాకెట్ నుంచి లైన్‌కు వచ్చే వైరు తెగింది

అడుగు 4. 6వ పిన్నుకూ బాడీకీ, తర్వాత 14వ పిన్నుకూ బాడీకీ కొలవండి. కిలో ఓమ్‌లలో ఉండాలి. పది ఇరవై ఓమ్‌లే వస్తే వైరు పైతొడుగు అరిగి బాడీకి తగులుతోంది.

ఒక ముఖ్యమైన మినహాయింపు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఓబీడీ సాకెట్‌కూ లోపలి లైన్లకూ మధ్య గేట్‌వే అనే ఈసీయూ ఉంటుంది. అలాంటి బండిలో సాకెట్ దగ్గర కనిపించేది గేట్‌వే దాకా వచ్చే లైన్ మాత్రమే. అక్కడ 60 వచ్చినా లోపల ఇంజిన్ లైన్ తెగి ఉండొచ్చు. అక్కడ 120 వచ్చినా కొన్ని డిజైన్లలో అది సరైనదే కావచ్చు. డయాగ్రమ్‌లో గేట్‌వే కనిపిస్తే ఈ కొలతలన్నీ గేట్‌వే కప్లర్ దగ్గర, ఒక్కో లైన్‌కు విడివిడిగా తీసుకోవాలి.

7. నాలుగో పరీక్ష: కీ ఆన్ చేసి వోల్టులు

బ్యాటరీ తిరిగి కలిపి, కీ ఆన్ చేసి, మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టండి. నల్ల ప్రోబ్ 4వ పిన్నులో. లైన్ మీద సందేశాలు నడుస్తుంటే మీటర్ సగటు చూపిస్తుంది: హై వైరు 2.5కి కాస్త పైన, సాధారణంగా 2.6 నుంచి 2.8. లో వైరు 2.5కి కాస్త కింద, 2.2 నుంచి 2.4. రెండూ కూడితే సుమారు 5 రావాలి.

- రెండూ సున్నాకు దగ్గర: ఒక వైరు ఎర్త్‌కు తగిలింది, లేదా లైన్ నిద్రలో ఉంది
- రెండూ 12 వోల్టుల వైపు: ఒక వైరు బ్యాటరీ సప్లైకి తగిలింది
- రెండూ కదలకుండా ఒకే అంకె, 2.5: వైర్లు ఒకదానికొకటి తగిలాయి, లేదా లైన్ బాగున్నా ఎవరూ మాట్లాడటం లేదు. ఏదన్నది మూడో పరీక్షలో వచ్చిన ఓమ్‌లు చెబుతాయి
- హై, లో అంకెలు తారుమారు: ఇంతకుముందు రిపేరు చేసినవారు వైర్లు మార్చి కలిపారు

ఒక వైరు షార్ట్ అయినా 60 ఓమ్‌ల గుండా రెండోది కూడా దానివెంట లాగబడుతుంది. అందుకే వోల్టేజ్ చూసి ఏ వైరుదో తేల్చలేరు. దానికి బ్యాటరీ తీసి, వైరు నుంచి బాడీకి ఓమ్‌లు చూడటమే దారి. తక్కువ ఓమ్‌లు చూపే వైరే దోషి.

8. లోపం ఏ చోట ఉంది: సగానికి సగం కోసుకుంటూ వెళ్లడం

షార్ట్ అయితే బ్యాటరీ తీసి, మీటర్‌ను 6, 14 పిన్నులకు తగిలించి ఉంచండి. డయాగ్రమ్‌లో లైన్ మధ్యన ఉన్న జంక్షన్ కప్లర్ ముందు విప్పండి. అంకె 0 నుంచి 120కి లేచిందంటే లోపం విప్పిన అవతలి సగంలో ఉంది. ఇంకా 0 అంటే ఇవతలి సగంలో. ఆ సగంలోని ఈసీయూల కప్లర్లు ఒక్కొక్కటీ విప్పుతూ అంకె ఎప్పుడు మారుతుందో చూడండి. అన్నీ విప్పాక కూడా 0 ఉంటే తప్పు వైరులో ఉంది, ఈసీయూల్లో కాదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: కొస రెసిస్టర్ ఉన్న ఈసీయూ కప్లర్ విప్పగానే 60 కాస్తా 120 అవుతుంది. అది లోపం కాదు, అలాగే జరగాలి. ఆ కప్లర్ తిరిగి పెట్టేసి ముందుకు సాగండి.

ఓమ్‌లు బాగుండి, కీ ఆన్ చేస్తేనే లైన్ పడిపోతుంటే కరెంటు అందాక తప్పు చేసే ఈసీయూ ఒకటి ఉంది. కీ ఆఫ్, ఒక ఈసీయూ కప్లర్ విప్పడం, కీ ఆన్, స్కాన్. మిగిలినవి పలకడం మొదలుపెట్టాయా అని చూసి, లేకపోతే ఆ కప్లర్ తిరిగి పెట్టి తర్వాతిదానికి వెళ్లండి. రెండేసి కప్లర్లు ఒకేసారి విప్పితే ఫలితం ఏదో తెలియదు.

వచ్చిపోయే లోపానికి కీ ఆన్ చేసి స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి ఉంచండి. ఒకరు తెర చూస్తుండగా ఇంకొకరు హార్నెస్‌ను జానెడు జానెడు కదిపి, వంచి చూడాలి. ముందుగా వెతకాల్సిన చోట్లు:

- బానెట్ కింద, ఇంజిన్ వెనుక గోడ దగ్గర హార్నెస్. వానాకాలంలో ఎలుకలు దూరే చోటు
- బ్యాటరీ ట్రే కింద. యాసిడ్ ఆవిరి అక్కడి కప్లర్లను తినేస్తుంది
- ముందు సీట్ల కార్పెట్ కింద, గడపల పక్కన నేల మీది కప్లర్లు
- స్టీరియో వెనుక, జీపీఎస్ ట్రాకర్, రిమోట్ లాక్ బిగించిన చోటు

నేల మీది కప్లర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు మునిగినలాంటి బళ్లలో, పైకి ఆరబెట్టి శుభ్రం చేశాక కూడా వారాలు గడిచాక క్యాన్ లోపాలు మొదలవ్వచ్చు. కప్లర్‌లో నిలిచిన బురద నీరు, కరెంటు కలిసి పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పుట్టిస్తాయి. నీరు వైరు తొడుగు లోపల కూడా పోగుల వెంట పాకుతుంది. కప్లర్ దగ్గర రెండు సెంటీమీటర్ల తొడుగు తీసి చూడండి. రాగి నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ వెళ్లాలి. కాంటాక్ట్ క్లీనర్ పిన్నును బాగుచేస్తుంది కానీ నల్లబడిన వైరును బాగుచేయదు. పాత కారు కొనేవాళ్లు ముందు కార్పెట్ ఎత్తి ఈ కప్లర్లు చూసుకోవడం చాలా మంచిది.

9. క్యాన్ వైరును సరిగ్గా అతకడం

- పాత వైరు మందమే వాడండి. ఎక్కువ కార్లలో 0.35 లేదా 0.5 చదరపు మిల్లీమీటర్లు.
- రెండు వైర్ల అతుకులూ ఒకే చోట పడకూడదు. మూడు నాలుగు సెంటీమీటర్లు ఎడంగా వేయండి.
- సరైన క్రింప్ స్లీవ్ (వైర్లను నొక్కి కలిపే లోహపు గొట్టం) వేసి, దాని మీద జిగురున్న హీట్ ష్రింక్ బిగించండి. చేత్తో మెలేసి టేపు చుట్టిన అతుకు ఇంజిన్ వేడికి ఎంతోకాలం నిలవదు.
- మెలిక తిరిగి పెట్టండి. మీటరు పొడవుకు 33 నుంచి 50 మెలికలు, అంటే మెలికకు 2 నుంచి 3 సెంటీమీటర్లు. కప్లర్ దగ్గర విప్పి ఉంచే భాగం 5 సెంటీమీటర్లు దాటకూడదు.
- రెండు వైర్ల పొడవూ సమానంగా ఉండాలి.
- తెగిన వైరుకు బదులు డాష్‌బోర్డు మీదుగా కొత్త విడి వైరు లాగొద్దు. ఒంటరి వైరు మీద విద్యుత్ రొద పడితే తేడాగా మారి సందేశాన్ని చెడగొడుతుంది.

అతికాక 60 ఓమ్‌లు, వోల్టులు రెండూ మళ్లీ చూడండి.

10. ఓసిలోస్కోప్ ఉంటే, లిన్ లైన్ అయితే

ఓసిలోస్కోప్ (వోల్టేజ్ మారే తీరును తెర మీద గీతగా చూపే పరికరం) ఉంటే హై, లో రెండింటినీ రెండు ఛానెళ్లలో ఒకేసారి చూడండి. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి, అద్దంలో బొమ్మలా కదలాలి. అంచులు నిటారుగా ఉండాలి. అంచు తర్వాత అలలు కనిపిస్తే కొస రెసిస్టర్ పోయింది. ఒక వైరు కదలక రెండోది మాత్రమే కదిలితే కదలనిదాన్ని పట్టుకోండి.

పవర్ విండో స్విచ్, అద్దాల మోటార్, వాన సెన్సార్ లాంటివి మాత్రమే ఆగిపోయి మిగతా బండి బాగుంటే అది క్యాన్ కాకపోవచ్చు. వాటికి లిన్ అనే ఒంటి వైరు లైన్ వాడతారు. దాని వేగం సెకనుకు గరిష్ఠంగా 20 కిలోబిట్లు. ఎవరూ మాట్లాడనప్పుడు దాదాపు బ్యాటరీ వోల్టేజే ఉంటుంది. అక్కడ 60 ఓమ్‌ల కోసం వెతకొద్దు.

11. తరచూ జరిగే పొరపాట్లు

కప్లర్‌లోకి నేరుగా క్లీనర్ కొట్టి వెంటనే కీ ఆన్ చేయడం. పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోల్‌తో కడగడం అసలే వద్దు.

ఈసీయూను బయటకు తీసి టేబుల్ మీద ఒంటరిగా సప్లై ఇచ్చి "సందేశం రావట్లేదు, పోయింది" అనేయడం. క్యాన్‌లో ప్రతి సందేశానికీ ఇంకో ఈసీయూ అందిందని గుర్తు పెట్టాలి. వినేవారు లేకపోతే అది మొదటి సందేశాన్నే మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. కొస రెసిస్టర్, వినే పరికరం రెండూ ఉంటేనే ఆ పరీక్షకు అర్థం.

స్టీరియోకో, ట్రాకర్‌కో వేగం సిగ్నల్ కావాలని క్యాన్ వైరును కోసి మధ్యలో పొడవైన వైరు అతకడం. ప్రధాన లైన్ నుంచి పక్కకు వెళ్లే కొమ్మ ఎంత పొడవైతే సిగ్నల్ అంత చెడుతుంది. ఇలాంటి బండి వస్తే ముందు బయటి పరికరాలన్నీ విప్పి, కంపెనీ వైరింగ్ యథాతథంగా చేసి, ఆ తర్వాతే పరీక్ష మొదలుపెట్టండి.

అడాప్టర్‌ను ఓబీడీ సాకెట్‌లోనే వదిలేయడం. కొన్ని అడాప్టర్లు లైన్‌ను నిద్రపోనివ్వవు, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. ఆ తక్కువ వోల్టేజే మళ్లీ కొత్త యూ కోడ్‌లు తెస్తుంది.

12. ఈసీయూనే మార్చాలని ఎప్పుడు చెప్పొచ్చు

ఈ నాలుగూ నిజమైతేనే:

- దాని సప్లైలన్నిటిలో బల్బు నిండుగా వెలిగింది, ఎర్త్ 0.1 వోల్టు లోపు ఉంది
- దాని కప్లర్ దగ్గరే, హార్నెస్ వైపు హై, లో వైర్లలో సరైన వోల్టులు వస్తున్నాయి
- పిన్నులు వంగలేదు, విచ్చుకోలేదు, చిలుము లేదు
- అయినా అది స్కానర్‌కు పలకడం లేదు, లేదా అది కలిపినప్పుడే లైన్ పడిపోతోంది

వాడిన ఈసీయూ కొనేముందు పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా సరిపోల్చండి. ఇంజిన్ ఈసీయూ, బీసీఎం, డాష్‌బోర్డు మీటర్ ఇమ్మొబిలైజర్‌తో (సరైన కీ లేకపోతే ఇంజిన్‌ను అందుకోనివ్వని రక్షణతో) ముడిపడి ఉంటాయి. కోడింగ్, కీ మ్యాచింగ్ చేయకుండా బిగిస్తే సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ అందుకోదు. ఆ పని ఎవరు చేస్తారో, ఎంత తీసుకుంటారో ముందే తేల్చుకోండి.

13. బండి అప్పగించే ముందు

- కోడ్‌లు చెరిపి, 20 నిమిషాలు గతుకుల దారితో సహా నడిపి, మళ్లీ పూర్తి స్కాన్ చేశారా
- మొదటి స్కాన్‌లో పలకని ఈసీయూలన్నీ ఇప్పుడు పలుకుతున్నాయా
- 6, 14 మధ్య 60 ఓమ్‌లు వస్తున్నాయా, గేట్‌వే ఉంటే ఆ లైన్‌లో వస్తున్నాయా
- విప్పిన ప్రతి కప్లర్ తాళం క్లిక్‌మని పడిందా
- హార్నెస్ క్లిప్పులన్నీ బిగించి, పదునైన రేకు అంచులకు దూరంగా ఉంచారా
- బ్యాటరీ తీసినందుకు స్టీరింగ్ యాంగిల్, పవర్ విండో సెట్టింగులు మాన్యువల్ ప్రకారం తిరిగి చేశారా
- బండి లాక్ చేసి అరగంట ఆగాక బ్యాటరీ నుంచి లాగే కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపు ఉందా. ఎక్కువుంటే ఏదో ఒక ఈసీయూ ఇంకా నిద్రపోలేదు, దాన్ని కనిపెట్టేదాకా బండి ఇవ్వొద్దు